'శిల్పి' అని రాస్తే తప్పా?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మొన్న వృత్యంతర శిక్షణలో రిసోర్స్ పర్సన్ గారు తలా ఒక చీటీ ఇచ్చి, 'ఉపాధ్యాయుడు ............ లాంటివాడు' అన్న ఖాళీ పూరించమన్నారు. నేను 'శిల్పి' అని రాశాను. ఆయన నా చీటీ పైకి చదివి, ఇది పాతకాలపు ఆలోచన అన్నారు. 'తోటమాలి' అని రాయాలట. అందరూ నవ్వారు. ఏ పేరు పెట్టుకుంటే ఏమిటండీ, బడికెళ్లాక చేసే పని అదే కదా? ఈసారి మా పదో తరగతి బ్యాచ్‌లో ఉలి తగిలితే పగిలిపోయే రాళ్లే ఎక్కువ. ఎంత చెప్పినా బుర్రకెక్కదు. తోటమాలి అనుకుంటే మాత్రం రిజల్ట్ వస్తుందా? ఇంకో మాట. మా అమ్మాయి బీఈడీ అయిపోయింది, డీఎస్సీ రాస్తానంటోంది. ఇంట్లో పెద్దవాళ్లు 'బతకలేక బడిపంతులు' అంటూ దాని ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నారు. దానికేం చెప్పమంటారు? (పేరు, ఊరు రాయవద్దన్నారు.)

మేడమ్ గారూ,

ముందు ఆ చీటీ సంగతి తేల్చుకుందాం. మీరు రాసింది నలుగురిలో చదివి నవ్వించడం ఆయన చేయకూడని పని. ఆ ఖాళీ చాలా దేశాల్లో టీచర్ల శిక్షణలో ఇస్తారు. మనం మనసులో ఏ బొమ్మ పెట్టుకుని క్లాసులోకి వెళ్తున్నామో మనమే చూసుకోవడానికి ఇచ్చేది అది. దానికి 'కీ' ఉండదు. తోటమాలి రైటు, శిల్పి తప్పు అని దిద్దారంటే, పాపం ఆయన మనసులో ఉన్నది తోటమాలి బొమ్మ కాదు, ఎర్ర ఇంకు పెన్ను.

అయితే 'ఏ పేరు పెట్టుకుంటే ఏమిటి' అన్నారు చూశారా, అక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను. మీ ఉత్తరమే నా సాక్ష్యం. చీటీలో మీరు రాసింది 'శిల్పి' అన్న ఒక్క మాట. నాలుగు వాక్యాలు గడిచేసరికి పిల్లలు రాళ్లయ్యారు, మీ పాఠం ఉలి అయింది, ఈ బ్యాచ్ పగిలిపోయే రకం అయింది. ఇవేవీ మీరు పనిగట్టుకుని ఆలోచించి రాసినవి కావు. ఒక పోలికను ఇంట్లోకి రానిస్తే దాని చుట్టాలందరూ సామాన్లతో సహా దిగిపోతారు. ఆ బొమ్మలో పని చెడితే తప్పు ఎవరిది? శిల్పిది ఎప్పుడోగాని కాదు, రాయిది. అంటే పాఠం అర్థం కాకపోతే ఎక్కడ వెతకాలో మీరు వెతకకముందే ఆ పోలిక తేల్చేసింది.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు. మనమంతా రోజంతా ఇలాగే మాట్లాడతాం. కోపం మరుగుతుంది, మండుతుంది, చల్లారుతుంది, కొందరు దాన్ని దిగమింగుతారు. అందుకే కోపాన్ని కక్కేస్తే తేలికవుతామని నమ్ముతాం. వాదనలో గెలుస్తాం, ఓడతాం, తిప్పికొడతాం. అందుకే అవతలివాళ్ల మాటలో నిజముందని తెలిసినా ఒప్పుకోబుద్ధి కాదు. టైమ్ ఖర్చు పెడతాం, మిగుల్చుకుంటాం, దండగ చేస్తాం. పిల్లాడు కిటికీలోంచి చెట్టుమీద ఉడతను చూస్తూ కూర్చుంటే మన జేబులోంచి ఎవరో డబ్బు తీసినట్టు ఉంటుంది. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు 1980లో ఒక పుస్తకం రాసి గట్టిగా వాదించింది ఇదే. రూపకాలు కవుల సొత్తు కావు, మామూలు ఆలోచనే వాటి మీద నడుస్తుంది అన్నారు. ఛందస్సు, అలంకారాల పీరియడ్‌లో రూపకాలంకారం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న మనకు ఇది కొంచెం కొత్తగా ఉంటుంది.

మీరు భౌతికశాస్త్రం టీచర్ కాబట్టి మీ సబ్జెక్టులోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. నాకు ఇష్టమైంది కూడా.

విద్యుత్ పాఠం మొదలుపెట్టగానే మనం 'ప్రవాహం' అంటాం. ఆ మాటతోనే పిల్లల ముందు ఒక కాలువ పారించేశాం. 1983లో డీడ్రీ జెంట్నర్, డొనాల్డ్ జెంట్నర్ ఒక పరిశోధన ప్రచురించారు. విద్యుత్తు అంటే గొట్టంలో నీళ్లలాంటిది అనుకునేవాళ్లు కొందరు, గుంపుగా కదిలే జనంలాంటిది అనుకునేవాళ్లు కొందరు. ఇద్దరికీ ఒకే లెక్కలు ఇచ్చారు. బ్యాటరీలను శ్రేణిలో (ఒకదాని వెనక ఒకటిగా), సమాంతరంగా (పక్కపక్కన) కలిపితే ఏమవుతుంది? నిరోధాలను అలా కలిపితే ఏమవుతుంది? నీళ్లు అనుకున్నవాళ్లు బ్యాటరీల లెక్కల్లో మెరుగ్గా చేశారు. జనం అనుకున్నవాళ్లు నిరోధాల లెక్కల్లో మెరుగ్గా చేశారు.

ఎందుకో మీరే ఊహించగలరు. ఓవర్‌హెడ్ ట్యాంకు మీద ఇంకో ట్యాంకు పెడితే ఎత్తు పెరుగుతుంది, కుళాయిలో నీళ్లు జోరుగా వస్తాయి. రెండు ట్యాంకులు ఒకే ఎత్తులో పక్కపక్కన పెడితే జోరు అంతే, కాని నీళ్లు ఎక్కువసేపు వస్తాయి. శ్రేణి, సమాంతరం రెండూ ఆ ఒక్క బొమ్మలోనే ఉన్నాయి. అదే పిల్లాడికి రెండు నిరోధాలు సమాంతరంగా ఇవ్వండి. నీళ్ల బొమ్మలో నిరోధం అంటే అడ్డు. ఒక అడ్డుకు ఇంకో అడ్డు కలిపితే అడ్డు పెరగాలి కదా అంటాడు. తప్పు. ఇప్పుడు జాతరలో గుడి గేటు ఊహించుకోమనండి. పక్కన ఇంకో గేటు తీస్తే జనం రెట్టింపు వెళ్తారు. నిరోధం తగ్గింది. ఆ గేట్ల బొమ్మ బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి పనికిరాదు. జనాన్ని నెట్టేది ఎవరు, రెండు నెట్టుళ్లు పక్కపక్కన ఉంటే ఏమిటి అంటే దాంట్లో జవాబు లేదు. (ఆ పరిశోధకులే తర్వాత పిల్లలకు ఈ పోలికలు నేర్పించి చూసినప్పుడు ఫలితం ఇంత తేటగా రాలేదు. నిరోధాల వైపు తేడా కనిపించింది, బ్యాటరీల వైపు అంతగా లేదు. పోలిక చెప్పినంత మాత్రాన అది అవతలివాళ్ల బుర్రలో మనదిలాగే కూర్చోదు మరి.)

దీనికి తోడు ఇంటి దగ్గర పిల్లలు వినే మాట ఇంకొకటి ఉంది. 'ఫ్యాన్ ఆపండ్రా, కరెంటు కాలిపోతోంది' అంటాం. కట్టెలు కాలినట్టు కరెంటు కాలుతుందన్నమాట. ఆ పిల్లాడికి బల్బు ముందు ఎంత కరెంటు ఉంది, బల్బు దాటాక ఎంత ఉంది అని ప్రశ్న వేయండి. దాటాక తగ్గుతుంది, బల్బు కొంత తినేసింది కదా అంటాడు. ఈ పొరపాటు ఏ దేశంలో పిల్లల్ని అడిగినా కనిపించేదే. వాడు తెలివితక్కువవాడు కాదు. వాళ్లమ్మ చెప్పిన పోలికను మీ ప్రశ్నకు చక్కగా అన్వయించాడు. బల్బులో ఖర్చయ్యేది శక్తి, కరెంటు కాదు అని చెప్పడానికి ముందు వాడి బొమ్మేమిటో మీకు తెలియాలి. రాయిలో బొమ్మ ఉండదు కదా, శిల్పి చెక్కేదాకా. మీ పోలిక దాచిపెట్టేది సరిగ్గా దీన్నే.

రూపకాల బలాన్ని మరీ పెంచి చెప్పడం కూడా ఇష్టం లేదు నాకు. 2011లో పాల్ థిబడో, లీరా బొరోడిట్స్కీ అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటి చాలామంది చెబుతుంటారు. ఒక ఊళ్లో నేరాలు పెరిగాయన్న చిన్న నివేదిక. కొందరికి ఇచ్చిన ప్రతిలో నేరాన్ని ఊరిమీద పడ్డ క్రూరమృగం అన్నారు. మిగతావాళ్లకు ఇచ్చిన ప్రతిలో ఊరికి సోకిన వైరస్ అన్నారు. అంకెలు రెండింట్లోనూ అవే. మృగం అని చదివినవాళ్లు పోలీసులను పెంచమని, జైల్లో పెట్టమని ఎక్కువగా చెప్పారు. వైరస్ అని చదివినవాళ్లు మూలకారణాల వైపు, సంస్కరణల వైపు కొంచెం ఎక్కువగా మొగ్గారు. మీ అభిప్రాయం దేన్నిబట్టి అని అడిగితే దాదాపు అందరూ అంకెలను చూపించారు. 2014లో వేరే పరిశోధకులు దాన్నే పలుసార్లు చేసి చూస్తే అలాంటి ప్రభావం కనిపించలేదు. మొదటివాళ్లు మళ్లీ చేసి, ఉంది గాని చిన్నది అన్నారు. కాబట్టి ఒక మాట వింటే మనిషి మారిపోతాడని ఎవరైనా శిక్షణలో చెబితే నమ్మకండి. ఏళ్ల తరబడి రోజూ అదే మాటల్లో పనిచేయడం వేరే సంగతి. ఆ పని ఎవరు చేస్తారో మీకు తెలుసు.

స్టాఫ్ రూములో ఒక పూట కూర్చుని చెవులు రిక్కించి వినండి. సిలబస్ లాగించేశాను. పోర్షన్ అయిపోయింది. వీడికి ఎక్కదు. నూరిపోస్తే తప్ప రాదు. వాడి తలలో మట్టి. అన్నీ ఒకే బొమ్మలోని ముక్కలు. చదువు ఒక సరుకు, పిల్లాడి తల ఒక పాత్ర, టీచర్ ఒక చోటినుంచి ఇంకో చోటికి పోసే మనిషి. బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరీ దీన్ని బ్యాంకుతో పోల్చాడు. టీచర్ డిపాజిట్ చేస్తాడు, పిల్లాడు ఖాతా, పరీక్షనాడు విత్‌డ్రా. 1979లో మైకేల్ రెడ్డీ అనే ఆయన (పేరు చూసి మనవాడనుకోకండి, అమెరికా వాడు) ఇదే బొమ్మ ఇంగ్లీషు మాటల్లో ఎంత లోతుగా పాతుకుందో చూపించాడు. భావం ఒక వస్తువు, మాట ఒక గొట్టం, ఈ చివర పెడితే ఆ చివర వస్తుందని అనుకుంటాం అన్నాడు. దానికి బదులు ఆయన చెప్పిన కథ నాకు బాగా నచ్చుతుంది.

కొందరు మనుషులు గోడలు కట్టిన వేర్వేరు స్థలాల్లో ఉంటారు. కలుసుకోలేరు, వస్తువులు పంపుకోలేరు. గీసిన బొమ్మలు మాత్రం పంపుకోగలరు. ఒకాయన ఉన్నచోట చెట్లు ఎక్కువ. రాలిన ఆకులు లాగడానికి కర్రతో ఒక పనిముట్టు చేసుకుని, దాని బొమ్మ గీసి అందరికీ పంపాడు. ఇంకొకాయన ఉన్నచోట అంతా రాళ్లు. ఆయన ఆ బొమ్మ చూసి తనదగ్గరున్న రాయితో చేశాడు. ఎత్తలేనంత బరువు. ఇంత బరువుది దేనికబ్బా అని ఆలోచించి, రాళ్లు పెళ్లగించడానికి పనికొచ్చేలా మార్చుకున్నాడు. బొమ్మలు మళ్లీ మళ్లీ అటూ ఇటూ తిరిగితే తప్ప ఇద్దరూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారని తెలియదు. గొట్టం బొమ్మలో అపార్థం అరుదుగా జరిగే ప్రమాదం, ఎవరో తప్పు చేస్తేనే వస్తుంది. ఈ కథలో అపార్థమే మామూలు. అర్థం కావాలంటే రెండువైపులా శ్రమపడాలి. మన క్లాసులు ఈ రెండోదానికే దగ్గర.

ఉష్ణం పాఠంలో దీన్ని కళ్లతో చూడొచ్చు. ఒకే సైజు ఐసుముక్కలు రెండు తెండి. ఒకటి స్టీలు పళ్లెంలో పెట్టండి, రెండోది ఉన్ని శాలువాలో చుట్టండి. చుట్టకముందే, ఏది ముందు కరుగుతుందో, ఎందుకో నోటుబుక్కులో రాయమనండి. క్లాసులో చాలామంది శాలువాలోదే అంటారు. శాలువా వెచ్చగా ఉంటుంది కదా! ఉష్ణవాహకాలు, బంధకాలు అప్పటికే మీరు చెప్పేసి ఉండొచ్చు, నిర్వచనం వాళ్లు రాసుకుని ఉండొచ్చు. అయినా వాళ్లు చేసుకున్న పనిముట్టు వేరు. అంతలో వెనక బెంచీలోంచి ఎవడో లేస్తాడు. చేపల మార్కెట్లో ఐసుగడ్డల మీద గోనెసంచి కప్పుతారు, ఊక పోస్తారు, ఎండలో కూడా తొందరగా కరగదు అంటాడు. వాడు మీ రాళ్ల లెక్కలో ఉన్నవాడే అయ్యుండొచ్చు. ఆ రోజు క్లాసుకు పాఠం చెప్పింది వాడు. పీరియడ్ అయిపోయేలోపు రెండు ముక్కలనూ చూపించండి, నోటుబుక్కుల్లో రాసిన కారణాలను వాళ్లచేతే దిద్దించండి.

శిల్పి పోలికను నేను చెడ్డదని అనడం లేదు. దాంట్లో ఓపిక ఉంది, చేతిపని మీద గౌరవం ఉంది, తొందరపడితే ముక్కు విరుగుతుందన్న భయం ఉంది. ఆ భయం మంచిదే. దాంట్లో లేనిదల్లా అవతలి మనిషి. కబీరు ఇలాంటి పనివాణ్నే ఎంచుకున్నాడు గాని రాయిని వదిలి మట్టి పట్టుకున్నాడు. గురువు కుమ్మరి, శిష్యుడు కుండ, లోపల చెయ్యి ఆన్చి బయట తడతాడు అన్నాడు. సారె మీంచి దించిన పచ్చికుండను కుమ్మరి చెక్క సలపతో ఎలా కొడతాడో చూసినవాళ్లకు తెలుస్తుంది. దెబ్బ పడే చోటుకు సరిగ్గా వెనకాల లోపలి చెయ్యి ఉంటుంది. బడుల్లో ఆ దోహాను దండోపాయానికి సమర్థనగా వాడుకుంటాం, లోపలి చేతిని వదిలేసి. కుండకు కూడా నోరు లేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక మీ రిసోర్స్ పర్సన్ గారి తోటమాలి. దీనికి మంచి వంశమే ఉంది. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చిన్నపిల్లల బడి పెట్టి, 1840లో దానికి 'పిల్లల తోట' అని పేరు పెట్టాడు. మన వీధి చివర బోర్డుమీద ఉండే కిండర్ గార్టెన్ అదే. చెక్కకండి, పెరగనివ్వండి అన్నాడు. చిన్నపిల్లల్ని బెంచీలకు కట్టేసి వల్లెవేయించే రోజుల్లో అది పెద్ద మాట.

కాని మన ఊళ్లో తోటమాలి అన్నప్పుడు వెనకాల ఇంకేం వస్తుందో ఆలోచించారా? విత్తనం. ఏ విత్తు వేస్తే ఆ చెట్టు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా. సామెతలన్నీ సిద్ధంగా ఉన్నాయి. 'వీళ్ల తాతకు అక్షరం రాదు, నాయనకు రాదు, వీడికెక్కడినుంచి వస్తుంది?' అన్న మాట స్టాఫ్ రూములో మీరు విననే లేదంటారా? పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే అలవాటు ఇంకా పోని సమాజంలో విత్తనం పోలిక మెత్తగా కనిపించే కత్తి. రాయి పగిలిందని శిల్పి కనీసం బాధపడతాడు. వేపచెట్టుకు మామిడికాయ కాయలేదని తోటమాలి బాధపడడు, అది దాని జాతి అంటాడు. నన్నడిగితే ఈ రెండింట్లో ఎక్కువ ప్రమాదం తోటమాలితోనే. మీ రిసోర్స్ పర్సన్ గారు నవ్వించాల్సింది మీ చీటీని చూసి కాదు.

కొవ్వొత్తి గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. సెప్టెంబరు 5న ప్రతి వేదిక మీదా వినిపిస్తుంది, తాను కరిగి లోకానికి వెలుగునిచ్చేవాడు గురువు అని. వినడానికి బాగుంటుంది, శాలువా కూడా కప్పుతారు. కొవ్వొత్తికి సెలవు అక్కర్లేదు, పీఆర్సీ (జీతాల సవరణ) అక్కర్లేదు. ఎన్నికల డ్యూటీ, ఓటర్ల జాబితా, ఇంటింటి సర్వే, యాప్‌లో మధ్యాహ్న భోజనం ఫోటో, అన్నీ కరగడంలో భాగమే. అలిసిపోయానన్న టీచర్ ఆ బొమ్మలో చెడ్డ కొవ్వొత్తి అవుతుంది. దీనికి ఇంకా స్పష్టమైన రుజువు అంగన్‌వాడీలు. వాళ్లను అమ్మతో పోలుస్తాం, చేసేది సేవ అంటాం, ఇచ్చేదాన్ని జీతం అనం, 'గౌరవ వేతనం' అంటాం. ఆ పోలిక వల్ల ఎవరికి ఎంత మిగిలిందో లెక్క కట్టడానికి మీకు ఫిజిక్స్ అక్కర్లేదు.

ప్రభుత్వాలు కూడా పోలికల్లోనే ఆలోచిస్తాయి. రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో బడిపిల్లల పుస్తకాల సంచుల గురించి మాట్లాడారు. తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లో 'భారం లేని చదువు' అన్న నివేదిక ఇచ్చింది. సంచి బరువుకంటే హానికరమైన బరువు అర్థంకాకపోవడం అని అందులో తేల్చి చెప్పారు. మరి మనమేం చేశాం? తూకం రాయి పట్టుకొచ్చాం. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి పిల్లాడి బరువులో పది శాతం మించకూడదు. మంచిదే, వీపులు నొప్పెట్టవు. అర్థంకాని పాఠం బరువు మాత్రం ఏ కాటాకూ అందదు కాబట్టి అలాగే ఉండిపోయింది. పోలికను మరీ అక్షరాలా తీసుకుంటే జరిగేది ఇది.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చూద్దాం. చీటీలో ఏం రాస్తే మంచిది అని నన్ను అడిగితే చెప్పను. అన్నా స్ఫార్డ్ అనే గణితవిద్యా పరిశోధకురాలు 1998లో ఒక వ్యాసం రాశారు. చదువంటే సంపాదించుకోవడం అన్నది ఒక రూపకం, చదువంటే ఒక పనిలో పాలుపంచుకోవడం అన్నది ఇంకో రూపకం. ఏదో ఒక్కదాన్నే పట్టుకు కూర్చుంటే ప్రమాదం అని శీర్షికలోనే హెచ్చరించారు. మీ నీళ్లూ గేట్లలాగే అన్నమాట. మీరు మంచి టీచరైతే నిరోధాల పాఠం దగ్గరికి రాగానే నీళ్ల బొమ్మ పక్కనపెట్టి గేట్ల బొమ్మ తీస్తారు. ఆ పనే మీ ఉద్యోగం విషయంలో కూడా చేయమంటున్నాను. ఓం నియమం లెక్క పదిసార్లు చేయించేటప్పుడు శిల్పి ఓపిక కావాలి. ఐసు ప్రయోగం రోజున పిల్లలతోపాటు మీరూ ఒక ప్రయోగశాలలో పనిచేసే మనిషి. సర్వే డ్యూటీ ఆర్డరు వచ్చిన రోజున మీరు ఉద్యోగి, అంతే. ఆ రోజు యూనియన్ మీటింగుకు వెళ్లడం గురుధర్మానికి విరుద్ధం కాదు.

ఒక వారంపాటు మీ టీచింగ్ డైరీ చివరి పేజీలో, పాఠం సరిగ్గా నడవని రోజున మీ నోటినుంచి వచ్చిన మొదటి వాక్యం రాసి పెట్టండి. దిద్దవద్దు, సిగ్గుపడవద్దు. 'వీళ్లకి ఎక్కలేదు' అని ఉందనుకోండి, వారం చివర ఆ వాక్యాన్ని ఇంకోలా రాసి చూడండి. 'రెండు సమాంతర నిరోధాల దగ్గర పదిమంది ఆగిపోయారు, అడ్డు పెరుగుతుందని అనుకున్నారు' అని రాయగలిగారా, సోమవారం ఏం చెప్పాలో అందులోనే ఉంది. మొదటి వాక్యంతో స్పెషల్ క్లాసు పెట్టి అదే పాఠాన్ని ఇంకొంచెం గట్టిగా చెప్పడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలవగానే పిల్లల్ని ఎ, బి, సి గ్రూపులు చేయమంటారు. చేయక తప్పకపోతే చేయండి, కాని గ్రూపును పిల్లల పేరుమీద కాకుండా ఆగిపోయిన చోటు పేరుమీద పెట్టండి. కటకాల గ్రూపు, నిరోధాల గ్రూపు. కటకాల్లో వెనకబడినవాడు నిరోధాల్లో ముందుండొచ్చు, అప్పుడు వాడు అటు వెళ్లి నేర్పుతాడు. చదువును మెట్లుగా చూడటం మనకు బాగా అలవాటు. తెలంగాణలో 2022లో ప్రాథమిక బడుల కార్యక్రమానికి 'తొలిమెట్టు' అనే పేరు పెట్టారు. చదవడం, రాయడం వరకు ఆ బొమ్మ బాగానే పనిచేస్తుంది. పదో తరగతి పిల్లలు మాత్రం అంత వరసగా ఎక్కరు. మూడోమెట్టు రాకుండానే ఐదోమెట్టు మీద నిలబడి ఉంటారు.

పిల్లలకు కూడా ఒక ఖాళీ ఇవ్వండి. 'ఫిజిక్స్ ............ లాంటిది, ఎందుకంటే ............' అని. పేరు రాయొద్దనండి. ముఖ్యమైంది రెండో ఖాళీ. బావి అని ఇద్దరు రాస్తే ఒకడు లోతని రాసి ఉంటాడు, ఒకడు పడిపోతానని భయంతో రాసి ఉంటాడు. ఎవరి చీటీనీ పైకి చదవకండి.

మీ అమ్మాయి విషయం. 'బతకలేక బడిపంతులు' అన్న సామెత అబద్ధం కాదు, పాతబడిన నిజం. వీధిబడి రోజుల్లో పంతులుగారికి నెలజీతం ఉండేది కాదు. పిల్లల ఇళ్లనుంచి వచ్చే గింజలే ఆధారం. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, అయ్యవారికి ఐదు వరహాలు, తమకు పప్పుబెల్లాలు ఇమ్మని పాడేవారు. అది ముచ్చటే గాని, ఆయన సంసారం ఎలా గడిచేదో కూడా అందులోనే ఉంది. ఇప్పుడు తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు. దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. బతకడానికే ఎగబడుతున్నారని ఇంట్లో పెద్దవాళ్లకు ఆ అంకెలు చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు. ప్రైవేటు బడుల్లో తక్కువ జీతానికి పనిచేసేవాళ్ల విషయంలో మాత్రం సామెత ఇంకా బతికే ఉంది. అది కూడా అమ్మాయికి దాచకుండా చెప్పండి.

డీఎస్సీ కోచింగ్ ఫీజు కట్టేముందు దాన్ని ఒకరోజు హెచ్‌ఎం గారి అనుమతి తీసుకుని మీ బడికి తీసుకెళ్లండి. బీఈడీలో టీచింగ్ ప్రాక్టీసు చేసే ఉంటుంది, కాని అప్పుడు తన పాఠం, తన మార్కుల గొడవలో పిల్లలవైపు చూసి ఉండదు. వెనక బెంచీలో కూర్చుని ఆరు పీరియడ్లూ వినమనండి, మీ పీరియడ్ కూడా. సాయంత్రం ఇంటికొచ్చాక ఎవరెవరికి ఏది అర్థం కాలేదో, వాళ్లు ఏమనుకుంటున్నారో అడగండి. దానికి అది చెప్పడం సరదాగా ఉంటే కోచింగ్‌లో చేర్పించండి.